కన్సర్న్డ్: ముందుంటే ఒక అర్థం, వెనకుంటే ఇంకో అర్థం

"ప్లీజ్ ఫార్వర్డ్ దిస్ లెటర్ టు ద కన్సర్న్డ్ ఆఫీసర్." ఇంగ్లిష్‌లో అర్జీ రాసే అలవాటున్న తెలుగువాళ్లలో ఈ వాక్యం రాయనివాళ్లు అరుదు. రాసినవారి ఉద్దేశం "దయచేసి ఈ ఉత్తరాన్ని సంబంధిత అధికారికి పంపండి" అని. మన ఆఫీసుల్లో చదివేవాళ్లకూ అలాగే అర్థమవుతుంది. ఇదే వాక్యం లండన్‌లోనో షికాగోలోనో ఒక యూనివర్సిటీ అడ్మిషన్ల విభాగానికి చేరితే, అక్కడ చదివే మనిషికి ముందుగా తట్టేది "దిగులుపడుతున్న అధికారికి పంపండి" అని. సందర్భం చూసి సర్దుకుంటారు, పని ఆగిపోదు. కానీ ఉత్తరం మొదటి వాక్యంలోనే చదువరి ఒక్క క్షణం ఆగి వెనక్కి చూడాల్సి వచ్చింది. ఇందులో స్పెల్లింగు సరిగానే ఉంది, మాట కూడా సరైనదే. అది నిలబడిన చోటే తప్పు.

ఇంగ్లిష్ విశేషణాల్లో చాలావాటిని నామవాచకానికి ముందు పెట్టేస్తే సరిపోతుంది. కన్సర్న్డ్ అలా లొంగదు. నామవాచకానికి ముందు, వెనక, "ఈజ్" తర్వాత, "విత్" ముందు, "అబౌట్" ముందు ఇలా చోటు మారినప్పుడల్లా అర్థం మారుతుంది. కింది మెట్లను వరుసగానే చదవండి. రెండో మెట్టు తెలియకుండా మూడోదానికి వెళితే అది అర్థం లేని బట్టీగా మిగులుతుంది.

ముందు ఉచ్చారణ సంగతి చూద్దాం. ఇది రెండు సిలబుళ్ల మాట. ఊనిక రెండోదాని మీద, అంటే "సర్న్డ్" మీద పడుతుంది. మొదటి "కన్" తేలిగ్గా, దాదాపు మింగేసినట్టు పలకాలి. "కన్సర్నెడ్" అని మూడు ముక్కలుగా పలకడం తప్పు. అసలు క్రియ "ట్"తోనో "డ్"తోనో ముగిసినప్పుడే చివరి "ఎడ్" విడిగా వినిపిస్తుంది: వాంటెడ్, నీడెడ్. కన్సర్న్ "న్"తో ముగుస్తుంది కాబట్టి దాని వెనక ఒట్టి "డ్" చేరుతుంది. తెలుగు నోటికి మాట చివర అచ్చు కావాలనిపిస్తుంది గనుక "కన్సర్న్‌డు" అని జారుతుంది. నాలుకను పళ్ల వెనక ఆనించి అక్కడే ఆపేస్తే ఆ "ఉ" రాదు.

మొదటి మెట్టు: రెండు అర్థాలను విడదీయడం

లాటిన్‌లో "కెర్నెరె" అంటే జల్లించడం, వేరుచేసి చూడడం. దానికి "కాన్" అనే ఉపసర్గ చేరింది. మధ్యయుగాల లాటిన్‌లో ఆ క్రియకు "సంబంధించి ఉండడం" అనే అర్థం స్థిరపడింది. 15వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చేటప్పటికి అదే దాని ముఖ్యార్థం. తర్వాత ఒక సహజమైన మార్పు జరిగింది. మనకు సంబంధించిన విషయం మన మనసుకు తగులుతుంది, మనసుకు తగిలింది దిగులు పుట్టిస్తుంది. అలా "సంబంధం" నుంచి "కలత" పుట్టింది. రెండు అర్థాలూ నేటికీ బతికే ఉన్నాయి.

ఇది మనకు కొత్త సంగతి కాదు. తెలుగులో "పట్టు" అనే క్రియను చూడండి. "ఆ గొడవ నీకెందుకు పట్టింది?" అన్నప్పుడు దానితో నీకేం సంబంధం అని అడుగుతున్నాం. "వాడికి ఇల్లు పట్టదు" అన్నప్పుడు ఇంటి గురించి వాడికి చింత లేదని చెబుతున్నాం. ఒకే మాట సంబంధం వైపూ చింత వైపూ తిరుగుతోంది. కన్సర్న్డ్‌ను గుర్తుంచుకోవడానికి ఇంతకంటే దగ్గరి తోవ లేదు.

కాబట్టి ఈ విశేషణానికి ఉన్న అర్థాలు ఇవి. ఒకటి: కలత చెందిన, ఆందోళనతో ఉన్న, బాగోగుల గురించి ఆలోచిస్తున్న. రెండు: ఆ వ్యవహారంతో సంబంధం ఉన్న, అందులో పాలు ఉన్న. ఒక వాక్యంలో ఏ అర్థం ఉందో తేలకపోతే "వెరీ" చేర్చి చూడండి. కలతకు ఎక్కువ తక్కువలుంటాయి కాబట్టి "వెరీ కన్సర్న్డ్", "మోర్ కన్సర్న్డ్" అనవచ్చు. సంబంధం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. దానికి "వెరీ" అతకదు. మీరు రాసిన "కన్సర్న్డ్ ఆఫీసర్"లో "వెరీ కన్సర్న్డ్ ఆఫీసర్" అని పెట్టి చదవండి. వాక్యం దిగులుపడే అధికారి వైపు తిరిగిపోతుంది. అంటే ఇంగ్లిష్ ఆ చోటును ఏ అర్థానికి కేటాయించిందో బయటపడినట్టే.

రెండో మెట్టు: చోటు

బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ చెల్లే ప్రామాణిక వాడుకలో నామవాచకానికి ముందున్న కన్సర్న్డ్ కలతను చెబుతుంది. దాని వెంటనే వెనక ఒంటరిగా నిలిచిన కన్సర్న్డ్ సంబంధాన్ని చెబుతుంది.

"కన్సర్న్డ్ పేరెంట్స్" అంటే పిల్లల గురించి దిగులుపడుతున్న తల్లిదండ్రులు. "ద పేరెంట్స్ కన్సర్న్డ్" అంటే ఆ వ్యవహారంతో సంబంధం ఉన్న తల్లిదండ్రులు. బస్సు ఆలస్యమైన రోజున బడి గేటు దగ్గర నిలబడ్డవాళ్లు మొదటి రకం. ఫీజు బకాయి జాబితాలో పేర్లున్నవాళ్లు రెండో రకం, వాళ్లకు దిగులు ఉన్నా లేకపోయినా. బడి సర్క్యులర్‌లో ఈ రెండింటినీ తారుమారు చేస్తే, బకాయి లేనివాళ్లు కూడా తమకే రాశారనుకుని ఫోన్ చేస్తారు.

1969లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఒక సంస్థ పుట్టింది. పేరు "యూనియన్ ఆఫ్ కన్సర్న్డ్ సైంటిస్ట్స్". సైన్సును ఏ పనులకు వాడుతున్నారో చూసి కలత చెందిన శాస్త్రవేత్తల సంఘమని ఆ పేరు చెబుతోంది. మన ఆఫీసు అలవాటుతో చదివితే అది "సంబంధిత శాస్త్రవేత్తల సంఘం" అవుతుంది. దేనికి సంబంధించినవాళ్లో తెలియక పేరే ఖాళీ అయిపోతుంది.

మనం పదేపదే ముందే ఎందుకు పెడతామంటే, తెలుగు విశేషణానికి వెనక చోటే లేదు. "మంచి మనిషి", "వచ్చిన మనిషి", "ఈ ఫైలుకు సంబంధించిన మనిషి" అంటాం. ఎంత పొడుగు వర్ణన అయినా నామవాచకానికి ముందే కూర్చుంటుంది. ఇంగ్లిష్‌లో పొట్టి విశేషణం ముందుంటుంది, వాక్యంలాంటి వర్ణన వెనక్కి వెళుతుంది: "ద మ్యాన్ హూ కేమ్". "ది ఆఫీసర్ కన్సర్న్డ్" అన్నది కుదించుకుపోయిన వాక్యం. విప్పితే "ది ఆఫీసర్ హూ ఈజ్ కన్సర్న్డ్ ఇన్ ద మ్యాటర్" లాంటిది వస్తుంది. రాసేటప్పుడు ఈ పని చేయండి: నామవాచకం తర్వాత మనసులో "హూ ఈజ్" లేదా "విచ్ ఈజ్" పెట్టి చూడండి. మీ భావం "ఈ వ్యవహారంలో ఉన్న ఫలానా అధికారి" అయితే ఆ "హూ ఈజ్" తీసేసి కన్సర్న్డ్‌ను అక్కడే, వెనకే వదిలేయండి.

సర్వనామాల దగ్గర చిక్కే లేదు. "ఎవ్రీవన్ కన్సర్న్డ్", "ఆల్ కన్సర్న్డ్", "దోజ్ కన్సర్న్డ్" అన్నిటికీ వెనకే. "ఇట్ వజ్ ఎ గుడ్ రిజల్ట్ ఫర్ ఆల్ కన్సర్న్డ్" అంటే ఆ వ్యవహారంలో ఉన్న అందరికీ మేలు జరిగిందని.

ఒక మినహాయింపు తెలియకపోతే ఈ సూత్రమే మోసం చేస్తుంది. వెనకున్న కన్సర్న్డ్‌కు "అబౌట్", "విత్" లాంటి మాట తోకగా చేరితే అర్థాన్ని నిర్ణయించేది ఆ తోకే. "పేరెంట్స్ కన్సర్న్డ్ అబౌట్ ఫీజ్" అంటే ఫీజుల గురించి దిగులుపడుతున్న తల్లిదండ్రులు. నామవాచకానికి వెనకే ఉంది, అయినా అర్థం కలతే. కాబట్టి చోటు చూశాక వెంటనే తోక ఉందో లేదో చూడాలి. తోక లేకుండా వెనకుంటే సంబంధం. తోక ఉంటే మూడో మెట్టు ప్రకారం తేల్చాలి.

ఇలా చోటు మారితే రంగు మార్చే మాటలు ఇంకొన్ని ఉన్నాయి. కన్సర్న్డ్ పట్టుబడితే ఇవీ పట్టుబడతాయి. "ద మెంబర్స్ ప్రెజెంట్" అంటే సమావేశానికి హాజరైన సభ్యులు. "ద ప్రెజెంట్ మెంబర్స్" అంటే ఇప్పటి సభ్యులు, వాళ్లు ఆ రోజు రాకపోయి ఉండవచ్చు. సొసైటీ మినిట్స్ పుస్తకంలో ఈ తేడా కోరం లెక్కనే మార్చేస్తుంది. "ద పర్సన్ రెస్పాన్సిబుల్" అంటే ఆ పనికి బాధ్యుడు, సందర్భాన్ని బట్టి తప్పు చేసినవాడు. "ఎ రెస్పాన్సిబుల్ పర్సన్" అంటే నమ్మదగిన మనిషి. "ద పీపుల్ ఇన్వాల్వ్డ్" అంటే అందులో పాల్గొన్నవాళ్లు. "యాన్ ఇన్వాల్వ్డ్ స్టోరీ" అంటే చిక్కుముళ్ల కథ.

మూడో మెట్టు: తోక

తెలుగువాళ్ల తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతాయి. మన విభక్తులను ఒక్కొక్కటిగా ఇంగ్లిష్‌లోకి దించేయడమే కారణం.

"అబౌట్" అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చేది. ఒక విషయం గురించి కలత ఉంటే "అబౌట్". "ఐ యామ్ కన్సర్న్డ్ అబౌట్ ద డిలే." ఆలస్యం నన్ను కలవరపెడుతోంది. ఇక్కడ "ఆన్" పెట్టకూడదు. "ఆమె మీద దిగులు" అనే తెలుగు "మీద"ను "ఆన్"గా మార్చడం వల్లే "కన్సర్న్డ్ ఆన్ హర్" పుడుతుంది. "కన్సర్న్డ్ రిగార్డింగ్" కూడా బిగువుగా అతికించినట్టు ఉంటుంది. "ఓవర్", "ఎట్" వార్తల్లోనూ అధికారిక ప్రకటనల్లోనూ కనిపిస్తాయి. వాటిని చదివి గుర్తుపడితే చాలు, మీ రాతలో "అబౌట్" వాడుకోండి.

"ఫర్" ఇంకా సున్నితమైనది. ఒక మనిషి క్షేమం, భద్రత, ఆరోగ్యం కోసం పడే తపన అది. "వుయ్ ఆర్ కన్సర్న్డ్ ఫర్ హర్ సేఫ్టీ." "అబౌట్" పెట్టినా తప్పు కాదు. "ఫర్" పెడితే మనం ఆమె పక్షాన ఉన్నామని తెలుస్తుంది. అందుకే ఆలస్యమైన సరుకు గురించి "కన్సర్న్డ్ ఫర్ ద డిలే" అంటే కుదరదు, ఆలస్యం క్షేమాన్ని ఎవరూ కోరరు.

"విత్" దగ్గర అర్థం మళ్లీ సంబంధం వైపు తిరుగుతుంది. ఒక పుస్తకం, అధ్యాయం, చట్టం, పరిశోధన దేని గురించో చెప్పడానికి ఇది వాడతారు. "దిస్ చాప్టర్ ఈజ్ కన్సర్న్డ్ విత్ ఇరిగేషన్." ఈ అధ్యాయం సాగునీటి గురించి. అధ్యాయానికి దిగులేమీ లేదు. మనుషుల విషయంలో "కన్సర్న్డ్ విత్" అంటే వాళ్ల దృష్టి దాని మీద ఉందని: "హీ ఈజ్ మోర్ కన్సర్న్డ్ విత్ స్పీడ్ దాన్ విత్ క్వాలిటీ." అతని చూపు నాణ్యత కంటే వేగం మీద ఎక్కువ. థీసిస్ రాసే విద్యార్థులకు ఈ "విత్" రోజూ పనికొస్తుంది. అక్కడ "అబౌట్" పెడితే అధ్యాయం సాగునీటి గురించి ఆందోళన చెందుతున్నట్టు ఉంటుంది.

"ఇన్" పాతబడిన, లాంఛనమైన వాడుక. ఏదో ఒక పనిలో, తరచుగా నేరంలో, చెయ్యి ఉన్నవాళ్ల గురించి చెప్పేటప్పుడు వస్తుంది. కోర్టు కాగితాల్లో తప్ప మీకు దీని అవసరం పెద్దగా రాదు.

"దట్" తర్వాత పూర్తి వాక్యం రావాలి: "ఐ యామ్ కన్సర్న్డ్ దట్ ద పేమెంట్ హాజ్ నాట్ రీచ్డ్ మీ." సొమ్ము నాకు చేరలేదని నా దిగులు. మర్యాదగా ఫిర్యాదు మొదలుపెట్టడానికి ఇంత ఒద్దికైన వాక్యం మరొకటి దొరకడం కష్టం.

ఇక "టు". దీని తర్వాత నామవాచకం రాకూడదు. "డాక్యుమెంట్స్ కన్సర్న్డ్ టు ద ల్యాండ్" అనే రాత మన దస్తావేజుల వెంట పంపే ఉత్తరాల్లో కొల్లలుగా కనిపిస్తుంది. "భూమికి సంబంధించిన పత్రాలు"లోని "కి" అక్కడికి "టు"గా వచ్చి చేరింది. ఇలాంటి చోట కన్సర్న్డ్‌ను పూర్తిగా వదిలేసి "డాక్యుమెంట్స్ రిలేటింగ్ టు ద ల్యాండ్" అనండి, లేదా "కన్సర్నింగ్ ద ల్యాండ్" అనండి. రెండోదానిలో "టు" అక్కర్లేదు, కన్సర్నింగ్‌లోనే "కి" ఇమిడి ఉంది. "టు" తర్వాత క్రియ రావడం మాత్రం సరైనదే: "షీ వజ్ కన్సర్న్డ్ టు ప్రొటెక్ట్ హర్ స్టూడెంట్స్." విద్యార్థులను కాపాడాలన్నది ఆమె పట్టుదల. ఇది బ్రిటిష్ లాంఛన శైలి.

తోకే లేకుండా "ఈజ్", "ఆర్", "యామ్" తర్వాత నిలిచిపోతే అర్థం కలతే. "ఐ యామ్ కన్సర్న్డ్" అని ఆపేస్తే "నాకు దిగులుగా ఉంది" అని. "నాకూ సంబంధం ఉంది" అని చెప్పాలనుకుంటే "ఐ యామ్ ఇన్వాల్వ్డ్" అనో "దిస్ కన్సర్న్స్ మీ" అనో అనాలి.

నాలుగో మెట్టు: "యాజ్ ఫార్ యాజ్ ... ఈజ్ కన్సర్న్డ్"

తెలుగు నాలుక మీద దీనికి సరిసమానమైనవి ఇప్పటికే ఉన్నాయి: "నా మటుకు", "జీతం విషయానికొస్తే", "అతని వరకూ". కట్టుబడి ఇలా ఉంటుంది: "యాజ్ ఫార్ యాజ్", తర్వాత కర్త, తర్వాత ఆ కర్తకు తగిన క్రియ, చివర కన్సర్న్డ్. "యాజ్ ఫార్ యాజ్ ద శాలరీ ఈజ్ కన్సర్న్డ్." కర్త బహువచనమైతే "ఆర్", "ఐ" అయితే "యామ్".

ఇందులో సాధారణంగా జరిగే తప్పులు మూడు. క్రియ మింగేయడం: "యాజ్ ఫార్ యాజ్ శాలరీ కన్సర్న్డ్". "టు" చొప్పించడం: "యాజ్ ఫార్ యాజ్ కన్సర్న్డ్ టు మీ". మూడోది "యాజ్ పర్ మై కన్సర్న్", ఇది ఏ ఇంగ్లిష్‌లోనూ లేదు. "నా అభిప్రాయంలో" అని చెప్పదలిస్తే "ఇన్ మై వ్యూ" అనడం తేలిక.

"యాజ్ ఫార్ యాజ్ ఐ యామ్ కన్సర్న్డ్" వాడేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. దాని వెనక "ఇతరులు ఏమనుకున్నా సరే" అనే ధ్వని ఉంటుంది. "యాజ్ ఫార్ యాజ్ ఐ యామ్ కన్సర్న్డ్, ద మ్యాటర్ ఈజ్ క్లోజ్డ్" అంటే తలుపు వేసినట్టే. పై అధికారికో కొత్త క్లయింటుకో రాసే మెయిల్‌లో ఇది మొరటుగా వినిపిస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా జరిగేది మాత్రం అనవసరంగా వాడడం. "యాజ్ ఫార్ యాజ్ ద క్వాలిటీ ఈజ్ కన్సర్న్డ్, ఇట్ ఈజ్ గుడ్" అనే బదులు "ద క్వాలిటీ ఈజ్ గుడ్" అంటే చాలు. ఒక విషయం నుంచి ఇంకో విషయానికి మళ్లేటప్పుడు, రెండింటి మధ్య తేడా చూపేటప్పుడు మాత్రమే ఈ పొడుగు మాటకు చోటివ్వండి.

ఐదో మెట్టు: మన ఆఫీసుల్లో ఏం చేయాలి

ఇంత చదివాక "కన్సర్న్డ్ ఆఫీసర్" అని రాసిన ప్రతివాళ్లకూ ఇంగ్లిష్ రాదని తేల్చేయకండి. అది తప్పుడు తీర్పు. 2005 నాటి సమాచార హక్కు చట్టం సెక్షన్ 6, దరఖాస్తును "కన్సర్న్డ్ పబ్లిక్ అథారిటీ"కి చెందిన పౌర సమాచార అధికారికి ఇవ్వమంటుంది. పార్లమెంటు చేసిన చట్టంలోనే విశేషణం ముందుంది. భారతీయ ఇంగ్లిష్‌లో ఇది వేళ్లూనుకున్న వాడుక, దీనికి మన భాషల్లోని "సంబంధిత" అండగా ఉంది. దేశంలోపలి అర్జీలో, ఆర్‌టీఐ దరఖాస్తులో అది ఎవరినీ తికమకపెట్టదు.

కాబట్టి ముందు చదువరి ఎవరో తేల్చుకోండి. చదివేది విదేశీ యూనివర్సిటీ, వీసా కార్యాలయం, అంతర్జాతీయ పత్రిక, బయటి దేశపు క్లయింటు అయితే "ది ఆఫీసర్ కన్సర్న్డ్" అనే రాయండి. ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్ పరీక్షలో సుమారు 20 నిమిషాల్లో కనీసం 150 మాటల ఉత్తరం రాయాలి. అక్కడ వ్యాకరణ ఖచ్చితత్వానికి విడిగా మార్కులున్నాయి, ఈ అలవాటును ఇంటిదగ్గరే వదిలి వెళ్లడం మంచిది. చదివేది మన కలెక్టరేటే అయినా వెనక పెట్టిన రూపం రెండుచోట్లా చెల్లుతుంది. ఒకే అలవాటు చేసుకోదలిస్తే అదే చేసుకోండి.

అంతకంటే మేలైన దారి ఆ మాటనే తప్పించడం. "సంబంధిత అధికారి" అని రాసే చాలాచోట్ల ఆ అధికారి ఎవరో రాసేవాళ్లకు తెలుసు. తహసీల్దార్ అయితే తహసీల్దార్ అనే రాయండి. అసిస్టెంట్ ఇంజినీర్ అయితే అలాగే రాయండి. పేరు లేని "సంబంధిత అధికారి"కి పంపమన్న కాగితం ఏ బల్ల మీద ఆగిందో అడగడం కూడా కష్టం.

తప్పించలేనప్పుడు ఏ మాట వాడాలో పని చెబుతుంది. పత్రాలు, సెక్షన్లు, వివరాలు అయితే "రెలెవెంట్". చర్య తీసుకునే అధికారం ఉన్నవాళ్లయితే "అప్రోప్రియేట్ అథారిటీ". ఇప్పటికే ప్రస్తావించిన ఫలానా వస్తువు అయితే "ది ఐటెమ్ ఇన్ క్వశ్చన్". ఎవరి వాళ్లు అనే భావమైతే "రెస్పెక్టివ్". కాలేజీ నోటీసుల్లో "స్టూడెంట్స్ షుడ్ కాంటాక్ట్ ద కన్సర్న్డ్ హెచ్‌ఓడీస్" అని రాసేది నిజానికి ఈ చివరి రకం. ప్రతి విద్యార్థీ తన తన విభాగాధిపతిని కలవాలి, అంటే "దెయిర్ రెస్పెక్టివ్ హెచ్‌ఓడీస్".

"కైండ్లీ ఇన్‌ఫార్మ్ టు ద కన్సర్న్డ్" అనే వాక్యం మాత్రం ఎక్కడా నిలవదు. "ద" పక్కన విశేషణం ఒక్కటే నిలిస్తే అది ఒక వర్గపు జనాన్ని సూచిస్తుంది: "ద రిచ్" అంటే ధనికులు, "ద సిక్" అంటే రోగులు. ఆ లెక్కన "ద కన్సర్న్డ్" అంటే దిగులుపడేవాళ్లంతా. వెంట "పర్సన్" ఉండాలి, అదీ ముందు: "ద పర్సన్ కన్సర్న్డ్". పైగా "ఇన్‌ఫార్మ్" తర్వాత "టు" రాదు.

సర్టిఫికెట్ల మీద ఉండే "టు హూమ్ ఇట్ మే కన్సర్న్" దగ్గర ఉన్నది విశేషణం కాదు, క్రియ. "ఇది ఎవరికి సంబంధించినా వారికి" అని అర్థం. చివర "డ్" చేర్చి "మే బీ కన్సర్న్డ్" చేయకండి. మన దగ్గర "టు హూమ్‌సోఎవర్" అని బరువు పెంచడం ఆనవాయితీ, బయట చెల్లేది పొట్టి రూపమే. ఎవరి చేతికి వెళుతుందో తెలియని అనుభవ ధ్రువపత్రం లాంటివాటికే అది తగును. చదివేది ఎవరో తెలిసిన ఉత్తరానికి వాళ్ల హోదాతోనే మొదలుపెట్టాలి.

ఆరో మెట్టు: బరువు తూచడం

కలత అర్థంలో కన్సర్న్డ్ ఎంత గట్టిది? "వరీడ్" కంటే నిదానంగా, లాంఛనంగా ఉంటుంది. "యాంగ్షస్"లో ఉండే గుండెదడ ఇందులో లేదు, "అలార్మ్డ్"లోని ఉలికిపాటు అసలే లేదు. స్థిమితంగా ఉంటూ ఒక విషయాన్ని సీరియస్‌గా తీసుకున్న మనిషి మాట ఇది. ఐక్యరాజ్యసమితి తీర్మానాల పీఠికల్లో "డీప్లీ కన్సర్న్డ్", "గ్రేవ్లీ కన్సర్న్డ్" అనే పదబంధాలు కనిపించేది అందుకే. కోపాన్ని బయటపెట్టకుండా తీవ్రతను పెంచుకుంటూ పోవచ్చు.

విదేశీ టీములతో పనిచేసేవాళ్లు దీన్ని తక్కువ అంచనా వేస్తుంటారు. బ్రిటిష్ మేనేజర్ "ఐ యామ్ ఎ బిట్ కన్సర్న్డ్ అబౌట్ ద టైమ్‌లైన్" అని రాస్తే ఆ "ఎ బిట్" మర్యాద కోసమే కావచ్చు. "కొంచెమే కదా" అనుకుని వదిలేయకుండా అదే రోజు తేదీలతో జవాబివ్వండి.

తెలుగు మాటల్లో కలిసిపోయిన "కన్సర్న్" వేరే దారి పట్టింది. "వాడికి నా మీద చాలా కన్సర్న్" అంటే మన దగ్గర ఆపేక్ష, శ్రద్ధ. దాన్ని "హీ హాజ్ కన్సర్న్ ఆన్ మీ" అని తిప్పితే తప్పు. "హీ ఈజ్ కన్సర్న్డ్ అబౌట్ మీ" అంటే నాకేదో కష్టం వచ్చిందని అతను దిగులుపడుతున్నాడని. ఒట్టి ఆపేక్షకు "హీ కేర్స్ అబౌట్ మీ" సరైనది.

"అన్‌కన్సర్న్డ్" అంటే దిగులు లేని, పట్టించుకోని. "సంబంధం లేని" అనే అర్థానికి దీన్ని వాడకండి, అక్కడ "అన్‌రిలేటెడ్" ఉంది. "కన్సర్నింగ్" పూర్వం "గురించి" అనే అర్థంలోనే ఎక్కువగా కనిపించేది. ఇప్పుడు "దిస్ ఈజ్ కన్సర్నింగ్" అంటే "ఇది ఆందోళన కలిగించేదే" అని విశేషణంగా కూడా చెల్లుతోంది.

తిరిగి తెలుగులోకి తెచ్చేటప్పుడు

అనువాదకులకూ వార్తలు రాసేవాళ్లకూ ఈ మాట ఎదురు దిశలో చిక్కు పెడుతుంది. "కన్సర్న్డ్ సిటిజన్స్"ను "సంబంధిత పౌరులు" అంటే ప్రాణం పోతుంది. సందర్భాన్ని బట్టి "కలత చెందిన పౌరులు" అనో "సమాజం పట్టిన పౌరులు" అనో రాయాలి. "ద స్టేట్స్ కన్సర్న్డ్" అయితే "సంబంధిత రాష్ట్రాలు" సరిగ్గా సరిపోతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొన్ని కరోనా రకాలను "వేరియంట్స్ ఆఫ్ కన్సర్న్" అన్నప్పుడు తెలుగు పత్రికలు "ఆందోళనకర వేరియంట్లు" అని రాశాయి, అది సరైన ఎంపిక. అకౌంట్ల భాషలో "గోయింగ్ కన్సర్న్" కనబడితే ఆందోళన జోలికి వెళ్లకండి. అక్కడ కన్సర్న్ అంటే సంస్థ, మొత్తం కలిపితే వ్యాపారం సాగుతూ ఉన్న సంస్థ.

ఒక ఉత్తరాన్ని బాగుచేయడం

విదేశీ యూనివర్సిటీకి ఫీజు వాపసు కోసం రాసిన నాలుగు వాక్యాలు ఇవి. "యాజ్ ఫార్ యాజ్ మై ఫీ కన్సర్న్డ్, ఐ హావ్ పెయిడ్ ఇన్ జూన్. ఐ యామ్ కన్సర్న్డ్ టు ద రిఫండ్. ఐ ఎన్‌క్లోజ్ ద కన్సర్న్డ్ డాక్యుమెంట్స్. కైండ్లీ ఇన్‌ఫార్మ్ టు ద కన్సర్న్డ్."

మొదటి వాక్యంలో "ఈజ్" జారిపోయింది. దాన్ని చేర్చే బదులు ఆ పొడుగు మాటనే తీసేయండి. జూన్ గడిచిపోయింది కాబట్టి "హావ్" కూడా వద్దు: "ఐ పెయిడ్ మై ఫీ ఇన్ జూన్." రెండోదాన్ని బాగుచేసే ముందు మీ మనసులో ఏముందో తేల్చుకోండి. డబ్బు వస్తుందో రాదోనని దిగులైతే "ఐ యామ్ కన్సర్న్డ్ అబౌట్ ద రిఫండ్". వాపసు గురించి అడగడానికే రాస్తుంటే "ఐ యామ్ రైటింగ్ అబౌట్ ద రిఫండ్". మూడోదానిలో "ద రెలెవెంట్ డాక్యుమెంట్స్" అంటే సరిపోతుంది, కానీ కాగితాల పేర్లే చెబితే ఇంకా మేలు: "ఐ ఎన్‌క్లోజ్ ద రిసీట్ అండ్ మై బ్యాంక్ స్టేట్‌మెంట్." చదివేవాళ్లు ఏవి అందాయో అక్కడికక్కడే సరిచూసుకోగలరు. నాలుగోది "ప్లీజ్ ఫార్వర్డ్ దిస్ టు ద రిఫండ్స్ టీమ్" కావాలి. ఆ విభాగం పేరు యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో వేరేలా ఉంటే అదే వాడండి. మూడుచోట్ల కన్సర్న్డ్ మాయమైంది. రెండో వాక్యంలో మాత్రం, దిగులు నిజంగా ఉంటే, "అబౌట్" తోడుగా నిలిచింది.